మూత కింద

"కోసి పారెయ్ చిన్నా! గ్యాస్ కట్టర్ పెట్టి ఇరుసు కోసేస్తే చక్రం దానంతటదే ఊడొస్తుంది. పొద్దుటినుంచీ దాంతో ఈ కుస్తీ ఏమిటి?" షెడ్డు గుమ్మంలో నిలబడి అంది వదిన.

మెకానిక్కు తలెత్తలేదు. సొంత షెడ్డు పెట్టి, జుట్టు సగం నెరిసినా వదినకి అతనింకా చిన్నాయే. "కోస్తే బండి పాడైపోతుంది వదినా. వాళ్ల నాన్న బండి నడిపిస్తానని నీ కూతురికి మాటిచ్చాను."

"కొత్త ఇరుసు వేయించు."

"ముందు చక్రం తీయనీ."

పాతకాలపు మోటార్‌సైకిలు, దాని పక్కన తొట్టిలాంటి సైడ్‌కారు. అన్న పోయిన రోజు నుంచీ ఈ మూలన టార్పాలిన్ కిందే పడి ఉంది. సైడ్‌కారు చక్రం ఇరుసుకి వంకరగా బిగుసుకుపోయింది. తిరగదు, ఊడదు. ఇరుసు చివర నట్టు, నట్టు మీద ఇనప మూత. ఆ మూతని తుప్పు కరిచి పట్టుకుంది. కిరసనాయిలు పోశాడు, మంట చూపించాడు, చుట్టూ సుత్తితో తట్టాడు. మొండిఘటం, ససేమిరా అంది.

నిజానికి అతనికి కావలసింది చక్రం కాదు. ఆ మూత కింద ఏముందో చూడాలి.

నట్టు వదులవకుండా దాని గాడిలోంచి ఒక స్ప్లిట్ పిన్ను దూర్చి, రెండు కాళ్లూ వంచుతారు. వేలెడంత కూడా ఉండదు. అదే లేకపోతే దారిలో నట్టు కొద్దికొద్దిగా తిరుగుతుంది, చక్రం ఊగుతుంది, బండి మనిషిని ఎత్తి పడేస్తుంది. ఆ రోజు చక్రం బిగించింది ఇతనే. వదినని ఆఫీసు నుంచి తీసుకురావాలని అన్న తొందరపడుతున్నాడు. "అయిందా?" అన్నాడు. "అయిపోయింది అన్నయ్యా" అన్నాడు ఇతను.

పిన్ను పెట్టాడా? పెట్టినట్టే గుర్తు. ఒక్కోసారి పెట్టనట్టు గుర్తు. అప్పటినుంచీ ఏ బండి బాగుచేసినా 'అయిపోయింది' అన్న మాట అతని నోట రాదు. "ఒకసారి చూసుకోండి" అంటాడు. షెడ్డులో ఒంటరిగా పని చేస్తుంటే వెనకనుంచి "అయిందా?" అని వినపడుతుంది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఉలిక్కిపడి తిరిగి చూస్తాడు. టార్పాలిన్ తప్ప ఏమీ ఉండదు.

"ఆ రోజు ఇన్‌స్పెక్టరు ఏమన్నాడు?" వదిన లోపలికి వచ్చింది. "తడి రోడ్డు, బండి జారింది అన్నాడు కదా?"

"ఆయన మూత కూడా తీయలేదు వదినా."

"ఆయన వచ్చేదాకా ఈ చక్రం పక్కనే కూర్చుని ఏడ్చినదాన్ని నేను. నాకు లేని అనుమానం నీకెందుకు?"

"నీకు లేదు. అందుకే నీ చేతి అన్నం నాకు గొంతు దిగదు. అన్నయ్యని చంపింది నేనో కాదో తెలియకుండా ఎన్నాళ్లని తినను?"

వదిన కొప్పులోంచి ఒక పిన్ను లాగి పళ్లతో పట్టుకుంది. నడుమ వంకీలు తిరిగిన నల్ల పిన్ను. జుట్టు బిగించి మళ్లీ దాన్ని గుచ్చుకుంది. ఏమీ తోచనప్పుడల్లా ఆమె చేసే పని అదే.

"తెలుసుకుని ఏం చేస్తావు?"

"పిన్ను ఉంటే మనిషిలా బతుకుతాను."

"లేకపోతే?"

అతను సుత్తి ఎత్తి, ఉన్న బలమంతా పెట్టి కొట్టాడు. మూత ఎగిరి దొర్లుకుంటూ వెళ్లి వదిన కాళ్ల దగ్గర ఆగింది.

లోపల నల్లటి గ్రీజు ముద్ద. చూసే ధైర్యం లేక కళ్లు మూసుకుని వేలు పెట్టాడు. నట్టు తగిలింది. నట్టు గాడి తగిలింది. గాడిలో సన్నగా ఇనుము. వంచిన రెండు కాళ్లు.

"ఉంది! వదినా, పిన్ను ఉంది!"

అక్కడే నేల మీద కూలబడి చిన్నపిల్లాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడు. వదిన అతని తల మీద చెయ్యి వేసింది.

"నే చెప్పలేదూ, నువ్వు పెట్టే ఉంటావని? ఇంక లే. మొహం కడుక్కో. టీ పెడతాను." గబగబా ఇంట్లోకి వెళ్లిపోయింది.

ఏళ్ల తరబడి గుండెల మీద కూర్చున్న బరువు దిగిపోయింది. అతనికి నవ్వొచ్చింది. కళ్లు తుడుచుకుంటూనే పిన్నుని పటకారుతో లాగి, గ్రీజుతో సహా గుడ్డలో పడేశాడు. నట్టుకి పానా తగిలించబోయాడు. పానా అక్కర్లేకపోయింది. వేలు తగలగానే నట్టు దానంతటదే తిరిగింది.

బిగించిన నట్టు అలా తిరగదు.

అతని నవ్వు ఆగిపోయింది. రెండు దెబ్బలు వేశాడు. ఇన్నాళ్లూ మొండికేసిన చక్రం ఊడి ఒళ్లోకి వచ్చిపడింది. దాన్ని పక్కన పెట్టి, గుడ్డలో ఉన్న పిన్నుని మెల్లగా తుడిచాడు. గ్రీజు పోయాక వెలుతురుకి పట్టి చూశాడు.

"చిన్నా, అయిందా?" వంటింట్లోంచి కేకేసింది వదిన.

"అయిపోయింది వదినా" అన్నాడతను, నడుమ వంకీలు తిరిగిన ఆ కొప్పు పిన్నుని గుప్పిట్లో దాచేస్తూ.