పూజ చేసిన బండి

“మామా, అద్దం పగలగొట్టు! బిడ్డకు ఎట్ల చెమట్లు పోస్తాండాయో చూడు!”

కొత్త కారుకి తిరుత్తణి కొండమీద పూజ చేయించాం. అర్చకులు తిరిగిచ్చిన తాళంచెవిని నేను మామా అని పిలిచే మా ఆయన శరవణన్ భక్తిగా స్టీలు విబూది డబ్బాలో పెట్టి, మూత బిగించి, నిద్రపోతున్న మా బిడ్డ మధుమిత పక్కన సీట్లో ఉంచాడు. కారుతో ఫొటో కోసం ఇద్దరం దిగాం. స్టీలు డబ్బాలోని తాళంచెవి జాడ తెలియక, యజమాని వెళ్లిపోయాడనుకుని కారు తనంతట తానే తాళం వేసుకుంది. చాలా తెలివైన కారని షోరూమువాళ్లు ముందే చెప్పారు.

“ఇంకో కీ తీసుకోని తమ్ముడు తిరువళ్లూరులో బయల్దేరినాడు. కొంచేపు ఓర్చుకో” అన్నాడు మా ఆయన.

లోపల మధుమిత లేచి, ఏడ్చి ఏడ్చి, ఇప్పుడు ఏడవడం కూడా మానేసింది. నేను రాయి అందుకున్నాను. ఆయన నా చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“పూజ చేసిన బండి. అద్దం పగిలితే అపశకునం. అమ్మ ఒప్పుకోదు.”

పెళ్లయినప్పటి నుంచి ‘అమ్మ ఒప్పుకోదు’ అన్న మాట విన్నాక నేను ఎదురు చెప్పింది లేదు.

అంతలో పూలు కొనుక్కుని వస్తూ ఆ మాట విన్న మా అత్త వనజాక్షి కారులోకి ఒక్కసారి తొంగిచూసింది. పూలు కింద పడేసి, నా చేతిలో రాయి లాక్కుని ముందు తలుపు అద్దం మీద బాదింది. రెండో దెబ్బకి పగిలింది.

“ఎవుర్రా ఒప్పుకోనిది? నన్ను ఎప్పుడడిగినావు?”

ఆయన అద్దం ముక్కల్నే చూస్తూ నిలబడ్డాడు. మధుమిత గుక్కతిప్పుకోకుండా నీళ్లు తాగాక అడిగాను.

“అత్తా, నేను టీచరు ఉద్యోగానికి పోతే మీరు ఒప్పుకోరంట కదా?”

“ఏం ఉద్యోగం మే?”