ఎర్ర గీతల కింద

"ఇదేంటి?" లైబ్రరీ మెట్ల దగ్గరే ఆమె సంచి వెతికాడు భర్త.

"పాప ప్రాజెక్టండి. నక్షత్రాలు."

"నక్షత్రాలా! కోడి గెలికినట్టుంది." కాగితం నిండా ఎర్ర పెన్సిల్ గీతలే. తిప్పి చూసి ఇచ్చేశాడు. "గంటే టైము. ఇక్కడే ఉంటా."

పోయిన వారం ఈ లైబ్రరీలోనే, పిల్లల సైన్సు క్లాసులో టీచరు నేర్పిన కిటుకు అది. ఎర్ర సెల్లోఫేన్ ముక్కలోంచి చూస్తే ఎర్ర గీతలు మాయమవుతాయి. కింద లేత నీలంతో రాసినది నల్లగా తేలుతుంది. "ఆకాశాన్ని చదివేవాళ్లూ ఇలాగే రంగు అద్దాలు వేసుకుని, కంటికి దొరకనివి పట్టుకుంటారు" అంది టీచరు.

ఆ ఎర్ర గీతల కింద పాప తల్లి రాసింది ఇది: 'నన్ను ఇంట్లో పెట్టి తాళం వేస్తున్నారు. ఫోన్ లాక్కున్నారు. ఎవరికైనా చెప్పండి.'

కర్టెన్లు దించిన గదిలో తల్లులు, పిల్లలు. వాళ్ల మధ్య టీచరు ఎంత ధీమాగా తిరుగుతోంది! బయటి నుంచి తాళం పడే చప్పుడు ఎలా ఉంటుందో ఈ మనిషికి తెలుస్తుందా? చదివి నవ్వేస్తే? పైకి చదివేస్తే?

టీచరు ఒక్కో కాగితం మీద సెల్లోఫేన్ పెట్టి చూస్తూ వచ్చింది. ఆమె కాగితం దగ్గర ఆగింది. ముఖంలో ఏ మార్పూ లేదు.

"బాగుంది అక్కా. మీకో మేఘం గీసిస్తా, ఇంటికెళ్లి చూడండి." అటు తిరిగి ఏదో రాసి, దాని మీద బరబరా ఎర్రగా గీకింది.

తలుపు తెరుచుకుంది. లైబ్రేరియన్.

"టైమైంది. సర్దెయ్."

"అయిపోయిందండి" అంది టీచరు.

"మేడమ్, మీ నంబరిస్తారా?" ఎవరో తల్లి అడిగింది.

"ఏదున్నా నాకే చెయ్యండి" అన్నాడు లైబ్రేరియన్.

మెట్ల దగ్గర మళ్లీ సోదా. "మళ్లీ పిచ్చిగీతలేనా?"

"ఇది టీచరుగారు గీశారండి."

"ఆవిడకీ పనీపాటా లేదన్నమాట!"

పాప ఏదో చెప్పబోయింది. ఆమె ఆ చిన్న చేతిని గట్టిగా నొక్కింది.

ఇంటికి రాగానే స్నానాలగదిలోకి వెళ్లి గడియ పెట్టుకుంది. ఆ ఇంట్లో లోపలి నుంచి పడే గడియ అదొక్కటే. పోలీసుల నంబరు రాసిందా? ఎవరు వస్తారో, ఎప్పుడు వస్తారో రాసిందా? పోయిన వారం క్లాసులో ఇచ్చిన సెల్లోఫేన్ ముక్కను కాగితం మీద పరిచింది.

'అక్కా, ఆ లైబ్రేరియన్ మా ఆయనే, నా ఫోనూ ఆయన దగ్గరే ఉంటుంది. మీరు ఎలాగైనా బయటపడితే నా సంగతి కూడా ఎవరికైనా చెప్పండి.'