కిటికీకి దుప్పటి

హెబ్రోన్ పాతబస్తీలో తన వంటింటి కిటికీకి దుప్పటి కడుతూనే, విదాద్ ఫోన్‌లో చెల్లెలు సమీహా మీద విరుచుకుపడింది.

"జ్వరంతో మూడు రోజులు మంచం దిగలేదు. ఒక్కరైనా వచ్చి చూశారటే?"

"ఎలా రానక్కా? మీ చెక్‌పోస్టులో మొహాలు గుర్తుపట్టే మిషన్‌లో నా మొహం ఎక్కలేదాయె. మీ వీధివాళ్లని తప్ప ఇంకెవర్నీ రానివ్వరు. పది నిమిషాల దూరంలో ఉండి ఏం లాభం?"

"అడిగినవాడు ఒకడున్నాడులే."

"ఎవరు?"

"చెక్‌పోస్టు సిపాయి. ఇందాక రొట్టెలకని వెళితే, 'ఏం పెద్దమ్మా, మూడు రోజులుగా వంటింట్లో దీపం వెలగలేదు, ఒంట్లో బాగోలేదా?' అన్నాడు. ఎదురు డాబా మీది సైన్యం కెమెరా నా పొయ్యి దాకా చూస్తోందే! నేనొక్కదాన్నే ఉండే ఇంట్లో కూడా ముసుగు తియ్యకుండా బతుకుతున్నా."

"వాడి కళ్లు పేలిపోను! సందు లేకుండా కట్టక్కా."

చెల్లెలు ఫోన్ పెట్టేసింది. విదాద్ మూడు కొసలూ మేకులకి బిగించింది. వంటిల్లు చీకటైంది.

నాలుగో కొస చేతిలోనే ఉంది. ఈసారి మంచాన పడితే ఎవరికి తెలుస్తుంది?

ముసుగు సర్దుకుని, ఆ కొస కట్టకుండా వదిలేసింది.