పేర్లు అడిగిన మనిషి

చెప్పులు బయట విడిచి, వాకిట్లో నిలబడి, ఆ కొత్త మనిషి సుమిత్రను ఆమె భర్త పేరు అడిగాడు.

చేటలో బీడీలు చుడుతున్న సుమిత్ర చేయి ఆగిపోయింది.

“ఎందుకు?” అంది.

“గల్ఫ్ వెళ్లి జాడ తెలియని వాళ్ల వివరాలు రాసుకుంటున్నానమ్మా. పాస్‌పోర్టులో పేరు, తండ్రి పేరు చెబితే చాలు.”

కోస్తా మాట.

తెలంగాణ కోసం సకల జనుల సమ్మె మొదలై అప్పటికి పది రోజులు. కోరుట్లలో బస్సులు లేవు, ఆఫీసులకు తాళాలు. మఫ్టీలో పోలీసులు ఇంటింటా ఆరా తీస్తున్నారని, కేసు పడితే ఇక పాస్‌పోర్టు రాదని ఊరంతా గుసగుసలు.

ఆమె భర్త లింబాద్రి రియాద్‌లో క్రేన్ నడిపేవాడు. ఏడు నెలలుగా ఫోన్ లేదు. అతని తమ్ముడు క్రాంతి రోజూ సమ్మె టెంటులో ముందు వరసలో కూర్చుంటున్నాడు. ఈ మనిషి వచ్చింది అన్న కోసమో, తమ్ముడి కోసమో.

“నువ్వేం పని చేస్తవు సారూ?”

అతను మెడలోని కార్డు చూపించాడు. “నా పేరు రత్నకుమార్. హైదరాబాద్‌లో పెద్ద కంపెనీ. సీనియర్ డేటా ఆర్కిటెక్ట్‌ని.”

“ఆర్కిటెక్ట్ అంటే ఇండ్ల ప్లాన్లు గీసేటోళ్లు కదా. మనుషుల పేర్లతోటి నీకేం పని?”

అతను చిన్నగా నవ్వాడు. “ఒకే మనిషి పేరు బ్యాంకులో ఒకలా ఉంటుంది, ఆస్పత్రిలో ఇంకోలా ఉంటుంది. కోట్ల పేర్లలో ఆ రెండూ ఒకరివేనని కంప్యూటర్ పట్టుకునేలా చేయడం నా ఉద్యోగం.”

మనుషుల్ని పట్టుకునే ఉద్యోగం. సుమిత్రకు ఇక అనుమానమే లేదు.

“గంగారాం,” అని చెప్పింది.

మామ పేరు అడిగితే మాత్రం అబద్ధం నోటికి రాలేదు. పోయినవాడి పేరు మార్చడానికి మనసొప్పలేదు.

“భూమన్న.”

“మీ ఆయన అక్కడ ఏం పని చేసేవారు?”

“క్రేన్ నడిపేటోడు.”

అన్నీ రాసుకొని అతను పక్కనున్న ప్రేమలత ఇంటి వైపు కదిలాడు. ప్రేమలత తమ్ముడు సంతోష్ కూడా రెండేళ్లుగా పత్తా లేడు.

సుమిత్ర మరిదికి ఫోన్ చేసింది.

“క్రాంతి, ఎవడో ఆంధ్రోడు అచ్చిండు. ఇంటింటికి తిరిగి పేర్లు రాసుకపోతుండు.”

ఐదు నిమిషాల్లో క్రాంతి నలుగురిని వెంటేసుకొని వచ్చాడు. ప్రేమలత ఇంటి ముందే ఆ మనిషిని ఆపి, చేతిలోని కాగితాలు గుంజుకున్నాడు.

“ఎవలు పంపిండ్రు నిన్ను?”

“ఎవరూ పంపలేదు. సెలవు పెట్టి వచ్చాను.”

“బస్సులే నడుస్తలేవు. గిసొంటి సమ్మెల సెలవు పెట్టి గింత దూరం అచ్చినవా? నమ్ముమంటవా?”

“నన్ను నమ్మకపోయినా ఫరవాలేదు. కాగితాలు మాత్రం చింపకండి బాబూ. ఇరవై రెండు ఇళ్లు తిరిగాను.”

క్రాంతి చింపేశాడు.

రత్నకుమార్ ముక్కలు ఏరడానికి వంగాడు. ఎవరో భుజం పట్టి తోశారు. లేచి, చొక్కా దులుపుకొని, జగిత్యాల రోడ్డు పట్టి నడిచాడు. మలుపు దగ్గర ఒకసారి ఆగి సుమిత్ర ఇంటి వైపు చూశాడు.

“ఇల్లు గుర్తు పెట్టుకుంటుండు,” అంది సుమిత్ర.

డిసెంబరులో ఒక మధ్యాహ్నం ఆమె ఫోన్ మోగింది. కొత్త నంబరు.

“సుమిత్రా,” అన్నాడు లింబాద్రి.

జనవరిలో ఊతకర్ర పట్టుకొని ఇల్లు చేరాడు. క్రేన్ కూలి తలకు దెబ్బ తగిలి, నెలల తరబడి మాట లేకుండా ఆస్పత్రిలో పడి ఉన్నాడట. అక్కడి వాళ్లు అతని పేరు లంబదార్ బోమన్ అని రాసుకున్నారు. ఆ పేరున్న మనిషిని వెతికేవాళ్లు ఎవరుంటారు?

“మరెట్ల దొరికినవు?”

“రత్నకుమార్ అని ఒక సారు. అక్కడి తెలుగోళ్లు దవాఖానల పేర్లు పంపితే, అండ్ల నన్ను పట్టిండు. ఫోన్ చేసి నాతోటి మాట్లాడిండు.”



“నేను నీ పేరు తప్పు చెప్పిన.”

“తెలుసన్నడు. మీ ఆవిడ నన్ను చూసి భయపడ్డది, తప్పు లేదు అన్నడు. నాయిన పేరు, పని కలిసినయట. కాయితాలు ఎవలో చింపిండ్రట. ఏడెనిమిది ఇండ్లయే యాదికున్నయట. తక్కినోళ్ల పేర్లు యాదికొస్తలేవని బాగ బాధపడ్డడు.”

అక్కడే నిలబడి ఉన్న క్రాంతి తల ఎత్తలేదు.

పక్కింట్లో ప్రేమలత ఎవరినో అడుగుతోంది, లింబాద్రన్న మా సంతోష్‌ను చూసిండేమో అని.

మర్నాడు పొద్దున వదిన, మరిది కలిసి ఇరవై రెండు ఇళ్లూ తిరిగారు. పేర్లు, తండ్రుల పేర్లు, పాస్‌పోర్టు జిరాక్సులు. ఈసారి ఒక్క అక్షరం తప్పు పోనివ్వలేదు. లింబాద్రి దగ్గరున్న నంబరుకు ఫోన్ చేస్తే నీల అనే అమ్మాయి ఎత్తింది. అదే కంపెనీ.

“రత్నకుమార్ గారు ఉద్యోగం మానేశారండీ. పోయిన నెలే కువైట్ వెళ్లిపోయారు. పేర్లు నాకు చెప్పండి. పేర్లు కలిపి చూడటానికి ఆయన చేసిపెట్టిందంతా ఇక్కడే ఉంది, మేం చూస్తాం.”

సుమిత్ర సంతోష్ పేరుతో మొదలుపెట్టి ఒక్కొక్కటే నిదానంగా చెప్పింది. అన్నీ అయ్యాక కూడా ఫోన్ పెట్టేయలేకపోయింది.

“సారు మల్ల ఎప్పుడస్తడమ్మా? గాయనకు ఒక్క మాట చెప్పేదుండె.”



“చెప్పలేనండీ. వాళ్లమ్మ ఇంటి పనికని కువైట్ వెళ్లినప్పుడు ఆయనకు పన్నెండేళ్లట. అక్కడ యుద్ధమొచ్చి ఆమె జాడ తెలియలేదు. ఈ వెతకడమంతా మొదలుపెట్టింది ఆమె కోసమే. ఇప్పటికి అరవై ముగ్గురు దొరికారు, ఆమె తప్ప.”