ఫలజ్ పక్కన గది

"ఒరే ఖల్ఫాన్! బయటికి రారా!"

హోటల్ ముందు కార్లు దిగుతున్న అతిథులు బిత్తరపోయారు. మెట్ల మీద జువైనా నిలబడి ఉంది. ఒంటి నిండా కప్పిన నల్ల అబాయా, చేతిలో రేగాకు మూట, కళ్లలో నిప్పులు. ఆమె తలకు పైన ఆకుపచ్చ బోర్డు వెలిగిపోతోంది: 'ప్రతి నీటి చుక్కా పవిత్రం.' ఆ బోర్డు కిందే, మిట్టమధ్యాహ్నం ఎండలో, గడ్డికి నీళ్లు చిమ్ముతున్నారు.

మేనేజర్ ఖల్ఫాన్ పరుగెత్తుకొచ్చాడు. నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయాడు.

"పిన్నీ, ఇక్కడెందుకు గొడవ? లోపలికి రా."

"వస్తే కాఫీ పోస్తావా? పొయ్యవు. మీలో ఒక్కడైనా నన్ను ఇంటికి పిలిచి ఖర్జూరం చేతిలో పెట్టిన పాపాన పోయాడా? ఇక్కడే తేల్చు. ఫలజ్ ఎండిపోయింది."

ఫలజ్ అంటే కొండ లోపలి ఊటను ఊళ్లోకి తెచ్చే కాలువ. ముందు తాగడానికి, తర్వాత మసీదుకు, ఆ తర్వాతే ఖర్జూరపు తోటలకు. ఈ వాటాలు ముత్తాతల నాటివి. కాలువ తోటల్లోకి మళ్లే చోట జువైనాకో చిన్న గది ఉంది. ఆమె పనంతా ఆ గదిలోనే.

"ఎండాకాలం కదా పిన్నీ..."

"ఎండాకాలం కొత్తగా వచ్చిందా? మీ తాతకు లేదా? నీ బోరురా కొత్తది! నిన్ను చూసి ఖర్జూరాల ఫ్యాక్టరీ సుహైల్ వేశాడు. వాణ్ణి చూసి ఆసుపత్రి. ఆఖరికి మసీదు కూడా! అందరూ ఆకుపచ్చ బోర్డులు పెట్టారు, అందరూ భూమికి తూట్లు పొడిచారు. సిగ్గుండక్కర్లా?"

"నేను ఆపితే మిగతావాళ్లు తోడుకుంటారు."

"మొన్న షమ్సా నా దగ్గరికి వచ్చింది. వాళ్ల ముత్తాత తవ్వించిన ఫలజ్ అది. అలాంటి మనిషికి నీ హోటల్ బాటిళ్ల మూతలు తిప్పి తిప్పి నీళ్లు పోశాను. సిగ్గుతో చచ్చానురా!" ఆమె మూటను చంకలోకి మార్చుకుంది. "ఇక నా వల్ల కాదు. ఫలజ్ పారితేనే నా పని. లేదంటే గదికి తాళం. మీ అమ్మకు చెప్పు."

ఖల్ఫాన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. "మధ్యలో అమ్మ మాటెందుకు?"

"మంచాన పడిందట కదా. విన్నాలే."

విసవిసా వెళ్లిపోయింది.

ఇమాము హమ్దాన్ నచ్చజెప్పబోయాడు. "నీళ్లు లేనప్పుడు మట్టితో సరిపెట్టుకోవచ్చని ధర్మంలోనే ఉంది జువైనా. మొండికేయకు."

"భేష్! ఆ మాట మీ ఆవిడతో చెప్పండి, మట్టి చాలని."

ఆయన అమాయకంగా వెళ్లి చెప్పాడు. ఆ పూట ఆయనకు అన్నం పెట్టిన దిక్కు లేదు. మర్నాడు మసీదు బోరు మూతపడింది.

సుహైల్ మాత్రం మీసం మెలేశాడు. "ఒక్క ఆడదానికి ఊరంతా జడుస్తారా? డబ్బు పడేస్తే రాజధాని నుంచి ఇంకొకామె వస్తుంది." ఆ మాట విని వాళ్ల అక్కలు ముగ్గురూ ఫ్యాక్టరీకి వచ్చి, పనివాళ్ల ముందే దులిపేశారు. "ముక్కూ మొహం తెలియని మనిషి చేతుల్లో పెడతావురా మమ్మల్ని? సిగ్గూ ఎగ్గూ లేదూ?" సుహైల్ తలుపేసుకుని బోరు మోటారు ఫ్యూజులు పీకేశాడు.

ఆసుపత్రి డాక్టరును నర్సులే నిలదీశారు. ఖల్ఫాన్‌ను తల్లి పడుకున్న మంచం మీది నుంచే దులిపింది. "నాకు జువైనాయే కావాలి. ఫలజ్ నీళ్లే కావాలి. నీ బాటిళ్లు నీ నెత్తిన పోసుకో, వెధవా!"

హోటల్లో ఈతకొలను ఎండింది. గడ్డి పీకి రేగు మొక్కలు నాటారు. ఫ్యాక్టరీలో ఖర్జూరాలు కడిగిన నీళ్లు వడగట్టి మళ్లీ వాడుతున్నారు. మసీదు కుళాయిలు సన్నబడ్డాయి. ఆ చలికాలం కొండల్లో వాన పడింది. వాన ఏటా పడేదే. ఈసారి దారిలో తోడుకున్నవాడు లేడు, ఫలజ్ పారింది.

రాజధాని నుంచి అధికారి ఒకాయన దిగాడు. ఊరి పెద్దలందరినీ హోటల్లో కూర్చోబెట్టి అడిగాడు.

"హోటలు, ఫ్యాక్టరీ, ఆసుపత్రి, మసీదు... దేని దారి దానిది. అన్నిట్లోనూ సుస్థిరత ఎలా వేళ్లూనుకుంది?"

"అవగాహన సార్," అన్నాడు సుహైల్.

"చర్చలు," అన్నాడు డాక్టర్.

"దైవభక్తి," అన్నాడు ఇమాము.

జువైనా పేరెత్తడానికి ఒక్కడికి నోరు పెగిలితే ఒట్టు! ఫొటోకి ఆమెను పిలవలేదు. పిలిచినా పక్కన నిలబడేదెవరు?

ఆ ఫొటోలో ఖల్ఫాన్ లేడు. మధ్యలో ఫోనొస్తే లేచి వెళ్లిపోయాడు. ఇంటికెళ్లి, అక్కడి నుంచి తిన్నగా ఫలజ్ పక్కన గదికి వచ్చాడు. ఈసారి నాలుగడుగుల దూరంలో ఆగలేదు. వచ్చి జువైనా చేతులు పట్టుకున్నాడు. ఆ చేతులు కర్పూరం వాసన కొడుతున్నాయి.

"పిన్నీ... నీళ్లున్నాయా?"

"వినబడటం లేదూ చప్పుడు? తీసుకురాపో మీ అమ్మని. ఏడవకు."

ఆమె రాతి అరుగు కడిగింది. ఫలజ్ నీళ్లు ముంచి గోరువెచ్చగా కాచింది. అందులో రేగాకు నూరి కలిపింది.

కాసేపటికి ఖల్ఫాన్ అక్కచెల్లెళ్లు తల్లి శవాన్ని మోసుకొచ్చి ఆ అరుగు మీద పడుకోబెట్టగానే, ఊళ్లో కన్నుమూసిన ప్రతి ఆడమనిషికీ చేయించినట్టే, జువైనా ఆమెకూ ఆఖరి స్నానం మొదలుపెట్టింది.