మొదటి దెబ్బ మా వదినదే

పార్లమెంటు ముందు మొదటి లాఠీ దెబ్బ నాకే పడింది. కొట్టింది మా వదిన.

కర్బన ఉద్గారాలు తగ్గించడానికి ప్రభుత్వం పెట్టుకున్న లక్ష్యం ఏ మూలకీ చాలదని, రెట్టింపు చెయ్యాలని గొంతులు చించుకుంటున్నాం. వదిన యూనిఫాంలో దూసుకొచ్చి నా మైకు లాక్కుంది, తల పగలగొట్టింది. నెత్తురు కళ్ళల్లోకి కారుతుంటే కాలరు పట్టుకుని ఈడ్చుకెళ్ళి, పోలీసు వ్యాన్లో పడేసి, తనూ ఎక్కి తలుపేసింది.

"నీకేమైనా పిచ్చెక్కిందా వదినా?"

ఆవిడ ఖాళీ సీటును లాఠీతో బాదడం మొదలుపెట్టింది. "అరవరా! బయటికి వినపడాలి. చచ్చేటట్టు అరువు!"

అరిచాను.

"నెత్తురోడుతూ వ్యానెక్కినవాణ్ణి ఇంకెవరూ ముట్టుకోరు, అది మా లెక్క," అంది రొప్పుతూ. "బొగ్గు కంపెనీ మనుషులు గొలుసులు పట్టుకుని వస్తున్నారు. మా పైవాళ్ళు మమ్మల్ని పక్కకి తప్పుకోమన్నారు."

బయట కేకలు లేచాయి. కిటికీ జాలీలోంచి చూశాను. ఇందాక నా పక్కన ప్లకార్డు పట్టుకున్న టీచరమ్మ రోడ్డు మీద కూలబడి ఉంది. గొలుసులు ఆవిడ మీదికి లేస్తూ, పడుతూ ఉన్నాయి.

"వాళ్ళకి వదినలు లేరు," అంటూ తలుపు గడియ మీద చెయ్యి వేశాను.

"వెళ్తే తిరిగి రావురా. మీ అన్నకి నా మొహం ఎలా చూపించను?"

గడియ తీశాను.

వదిన కళ్ళు తుడుచుకుని లాఠీ ఎత్తింది. ఈసారి సీటును కొట్టలేదు. నా మోకాలి చిప్ప చూసి కొట్టింది.

అరవమని చెప్పాల్సిన పని లేకపోయింది.