ఏడో ప్రశ్న

"నమ్మనివాళ్లకు నిత్య నరకం ఉందని ఒప్పుకుంటున్నారా?" బాప్తిస్మం కోరి వచ్చిన టైలరమ్మను పాస్టరు అడిగాడు.

త్రిత్వం, లేఖనం, కన్య గర్భం, సిలువ, పునరుత్థానం, రెండో రాకడ. ఆరింటికీ ఆమె తడుముకోకుండా అవునంది. ఏడోదాని దగ్గర ఆగింది.

"మా ఆయన నమ్మకుండానే పోయాడు అయ్యగారూ. ప్రతి ఆదివారం నన్ను స్కూటరు మీద దింపి, ఆరాధన అయ్యేదాకా గేటు బయటే నిలబడేవాడు. ఇప్పుడు నేను అవునంటే, చేజేతులా ఆయన్ని అక్కడికి పంపినట్టే కదా?"

"మనం అన్నా అనకపోయినా వాక్యం మారదమ్మా."

"మీవాళ్లలో అలా పోయినవాళ్లెవరూ లేరా?"

పాస్టరు చేతిలో కలం ఆగిపోయింది.

"మా అమ్మ," అన్నాడు.

"మరి మీరెలా అవునన్నారు?"

"అమ్మ పోయిన మరుసటి ఏడాదే, నా బాప్తిస్మం నాడు అన్నాను, గట్టిగా. అప్పట్నుంచి మోకరించి కళ్లు మూసుకుంటే చాలు, మంటల్లోంచి అమ్మ, 'నాలుక ఎండిపోతోంది నాయనా, చుక్క నీళ్లు పొయ్యి' అంటుంది. ముప్పై ఏళ్లయింది. మా ఆవిడకు కూడా చెప్పలేదు."

"అయినా నమ్ముతున్నారా?"

"నమ్ముతున్నాను. అందుకే వినబడుతోంది."

ఆ గదిలో వందల మంది ఆ ప్రశ్నకు అవునన్నారు. ఆ మాట అనేటప్పుడు వాళ్లకు ఎవరెవరు గుర్తొచ్చారో పాస్టరు ఒక్కసారి కూడా అడగలేదు.

కలానికి మూత పెట్టి, కుర్చీ ఆమె వైపు జరుపుకున్నాడు.

"మీ ఆయన గురించి చెప్పండమ్మా."